నైట్ డ్యూటీ చేస్తే నులివెచ్చని విశ్వాసమేనా?

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సుని. నెలలో సగం నైట్ డ్యూటీలే. శుక్రవారం ఉపవాస కూడికకి కుదరదు, ఆదివారం ఆరాధనకి వెళ్లినా కళ్లు మూతలు పడిపోతుంటాయి. మా సంఘంలో ఒక పెద్దాయన అందరి ముందూ "నులివెచ్చగా ఉన్నావమ్మా, జాగ్రత్త" అన్నారు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఉద్యోగం మానేయాలా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: మానొద్దమ్మా. ముందు ఆయన ఎత్తిన వాక్యమే తీసి చూడండి, ప్రకటన గ్రంథం 3వ అధ్యాయం. చల్లగానూ లేవు, వెచ్చగానూ లేవు, నులివెచ్చగా ఉన్నావని లవొదికయ ఊరి సంఘాన్ని ప్రభువు గద్దించింది అక్కడే, అంటే సగం మనసుతో ఉన్నావని. లవొదికయ సంఘం కూడికలు ఎగ్గొట్టిందని ప్రభువు అక్కడ ఎక్కడా అనలేదు. "మేం ధనవంతులం, మాకేం తక్కువ" అనుకున్నారు, అదీ ఆయనకి నచ్చనిది. డ్యూటీ దిగి స్నానం చేసి నిద్రమొహంతోనే మందిరానికొచ్చి వెనక కూర్చునే మనిషి ఆ మాట అనదు కదా. హాజరుపట్టీ చూసి సమర్పణ లెక్కగట్టడం మన సంఘాల్లో మరీ ఎక్కువైపోయింది, పాస్టర్లు నొచ్చుకున్నా సరే ఈ మాట అనాల్సిందే.

మరి సగం మనసు అంటే ఏమిటి? రెండవ దినవృత్తాంతములు 25వ అధ్యాయంలో యూదా రాజు అమజ్యా ఉన్నాడు. మంచే చేశాడు గానీ పూర్ణహృదయంతో చేయలేదని మొదట్లోనే రాసి ఉంటుంది. ఇశ్రాయేలు నుంచి కూలికి సైన్యాన్ని తెచ్చుకుంటే దైవజనుడొకడు వచ్చి వాళ్లని పంపించెయ్యమన్నాడు. రాజు వెంటనే అడిగింది ఏమిటంటే, మరి నేనిచ్చిన వెండి సంగతేంటి అని! (మనమైనా అదే అడుగుతాం లెండి.) సరే, పంపేశాడు, యుద్ధం గెలిచాడు, గెలిచి వస్తూ వస్తూ ఓడిపోయినవాళ్ల దేవతల్నే వెంట తెచ్చుకుని మొక్కాడు. చెప్పింది చేశాడు గానీ, లోపల ఒక గది మాత్రం తాళం వేసే ఉంచుకున్నాడు.

మీరు వెతుక్కోవాల్సింది ఆ గదిని. ఇవ్వని ఇంజక్షన్ ఇచ్చినట్టు కేస్ షీట్‌లో రాసేయడం, తోడికోడలితో ఏళ్ల తరబడి మాట్లాడకపోవడం, అలాంటివేమైనా ఉన్నాయా అని. కొలొస్సయుల పత్రిక 3వ అధ్యాయంలో, ఏం చేసినా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయండని పౌలు రాసింది బోధకులకి కాదు, దాసులకి. సెలవు అడిగే హక్కే లేనివాళ్లకి! రాత్రి మూడింటికి సెలైన్ అయిపోయిందని పిలిస్తే విసుక్కోకుండా లేచి వెళ్లడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. కూడిక మానేయమని కాదు సుమా. వీక్లీ ఆఫ్ రోజున మీ ఇంట్లో ప్రార్థన పెట్టమని పాస్టరుగారిని అడగండి, ఆ పెద్దాయన్నీ పిలవండి.

ప్రశ్న: బీటెక్ ఆఖరి సంవత్సరం. కన్వెన్షన్‌లో (సువార్త మహాసభల్లో) సేవకి పిలుపు ఇచ్చినప్పుడు ముందుకెళ్లి నన్ను నేను సమర్పించుకున్నాను. ఇప్పుడే చదువు ఆపేసి సువార్త సేవకి వెళ్లిపోవాలనుంది. నాన్న ఆటో నడిపి ఫీజు కట్టారు.
– ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: తమ్ముడూ, పరీక్షలు రాసెయ్. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అన్నది ప్రభువే (లూకా 14). ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ సంగతి వినే ఉంటావు. 1876-78 కరవులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్లని మాత్రం ఏడాదికి పైగా ఆపాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ఆగినా వాళ్ల మనసు మారలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీ పిలుపు నిజమైతే నాలుగు నెలలకి చల్లారదు. ఈలోగా నాన్నగారికి విషయం చెప్పు. ఆయనకి చెప్పడానికి భయపడే సమర్పణ మీద నాకు కొంచెం అనుమానమే.

ప్రశ్న: దశమభాగం (దేవునికిచ్చే పదోవంతు) చేతికొచ్చే జీతం మీదా, కటింగ్‌లకి ముందు జీతం మీదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పుదీనాలో, సోపులో, జీలకర్రలో కూడా పదోవంతు లెక్కగట్టి, న్యాయాన్నీ కనికరాన్నీ వదిలేసినవాళ్లని ప్రభువు మత్తయి 23లో గట్టిగానే అడిగారు. అలాగని ఇవ్వడం మానమనలేదు, రెండూ చేయమన్నారు. ఏ లెక్కన ఇస్తారో మీ ఇంటావిడతో కూర్చుని తేల్చుకోండి, ఆ డబ్బు ఆవిడది కూడా.