ముందు జనరల్, ఆ తర్వాత గవర్నర్ అంటున్నాడు మా అబ్బాయి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఆర్మీ చీఫ్‌గా చేసిన వి.కె.సింగ్ గారు మిజోరం గవర్నర్ అయ్యారని టీవీలో చూసిన దగ్గర్నుంచి "నేనూ ముందు జనరల్ అవుతా, ఆ తర్వాత గవర్నర్ అవుతా" అంటున్నాడు. మన జిల్లా నుంచే ఒకాయన అలా అయ్యారని వాళ్ల లెక్చరర్ చెప్పారట. నిజమేనా? గవర్నర్ కావాలంటే ఏ పరీక్ష రాయాలి? అగ్నివీర్‌గా చేరితే అక్కడి నుంచి మెల్లగా పైకి పోవచ్చా? ఎంసెట్ కోచింగ్‌కి డబ్బులు కట్టేశాం, ఇప్పుడేం చేయమంటారు?

జవాబు: ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని ఇంట్లో ఎవరైనా బాబుని ఆటపట్టిస్తుంటే ఆపమనండి. పదిహేడేళ్లకి ఆ మాత్రం ఆశ ఉండాలి. కాకపోతే ఆ ఆశలో రెండు ముక్కలున్నాయి. మొదటిది ఉద్యోగం, దానికో దారి ఉంది. రెండోదానికి దారంటూ లేదు.

లెక్చరర్ గారు చెప్పింది నిజమే. ఆయన జనరల్ కె.వి.కృష్ణారావు, పూర్తి పేరు కొటికలపూడి వెంకట కృష్ణారావు. 1923లో ఇప్పటి మీ జిల్లాలోని లుకలాంలో పుట్టారు. 1942 ఆగస్టులో, పందొమ్మిదేళ్లకే ఆర్మీలో ఆఫీసరుగా చేరారు. ఆయన రెజిమెంటు మహార్. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా, ఆ వెంటనే 1947-48లో కాశ్మీర్. 1981 జూన్ 1న ఆర్మీ చీఫ్ అయ్యారు, 1983 జులై 31న రిటైరయ్యారు. మరుసటేడు నాగాలాండ్, మణిపూర్, త్రిపుర, మూడింటికీ కలిపి గవర్నర్‌గా వెళ్లారు. అంటే యూనిఫాం వేసుకున్న రోజుకీ గవర్నరుగా ప్రమాణం చేసిన రోజుకీ మధ్య దాదాపు 42 ఏళ్లు. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి బాబుకి చూపించండి. భయపెట్టడానికి చెప్పడం లేదు, ఆ 42 ఏళ్లూ తను చేసేది ఆర్మీ ఉద్యోగమేనని తెలియాలి కదా.

ఇక పరీక్ష సంగతి. గవర్నర్ పదవికి పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు, దరఖాస్తు ఫారమే లేదు. భారత పౌరుడై ఉండాలి, 35 ఏళ్లు నిండాలి. రాజ్యాంగం 157వ అధికరణంలో ఉన్న అర్హతలు ఈ రెండే. 155 ప్రకారం రాష్ట్రపతి నియమిస్తారు. పేరు ఖాయం చేసేది కేంద్ర ప్రభుత్వం. పదవీకాలం అయిదేళ్లని ఉన్నా, 156 ప్రకారం రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలమే. ఆర్మీ చీఫ్‌లుగా ఇప్పటిదాకా ముప్పై మంది దాకా చేశారు. వాళ్లలో గవర్నర్లయినవాళ్లు నాకు చప్పున గుర్తొచ్చేది ఆరుగురు: శ్రీనగేశ్, మల్హోత్రా, కృష్ణారావు, రోడ్రిగ్స్, జె.జె.సింగ్, ఇప్పుడు వి.కె.సింగ్. శ్రీనగేశ్ గారు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కే 1962 నుంచి 64 దాకా గవర్నర్. అంతకుముందు హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా కూడా చేశారు. వి.కె.సింగ్ గారి దారి వేరు. రిటైరయ్యాక రాజకీయాల్లోకి వెళ్లి, రెండుసార్లు ఘాజియాబాద్ ఎంపీగా గెలిచి, కేంద్ర మంత్రిగా చేసి, ఆ తర్వాత 2025లో రాజ్‌భవన్‌కి వెళ్లారు. బాబు టీవీలో చూసింది ఆఖరి సీను మాత్రమే.

మరి కృష్ణారావుగారినే ఎందుకు పంపారు? నాకు తోచిన సమాధానం ఆయన సర్వీసులోనే ఉంది. 1970-71 ప్రాంతంలో ఆయన 8వ మౌంటెన్ డివిజన్ కమాండర్. ఆ డివిజన్ పనిచేసింది నాగాలాండ్ కొండల్లో, తిరుగుబాటుదారుల మధ్య. 1971 యుద్ధం రాగానే అదే డివిజన్‌ని తీసుకుని తూర్పు పాకిస్తాన్‌లోని సిల్హెట్ మీదికి వెళ్లారు, సిల్హెట్ లొంగిపోయింది. పదమూడేళ్ల తర్వాత ఆ కొండలకే గవర్నర్. ఏ లోయలో ఏ తెగ ఉంటుందో, ఏ ఊరి పెద్ద మాట ఎంతదూరం చెల్లుతుందో తెలిసిన మనిషి ఢిల్లీకి కావాల్సి వచ్చింది. మాజీ సైనికాధికారులను ఎక్కువగా అరుణాచల్, మిజోరం, అస్సాం, కాశ్మీర్ లాంటి సరిహద్దు రాష్ట్రాలకే పంపడం వెనక ఉన్న తర్కం కూడా ఇదే అనుకుంటాను. గోవాకో గుజరాత్‌కో ఇలా వెళ్లినవాళ్లను వెతుక్కోవాలి.

అంత అనుభవం ఉన్నా ఆ కుర్చీకి భరోసా లేదు. 1989 జులైలో ఆయన్ని జమ్మూకాశ్మీర్‌కి గవర్నర్‌గా పంపారు. డిసెంబరులో ఢిల్లీలో ప్రభుత్వం మారింది, 1990 జనవరిలో ఆయన స్థానంలో జగ్‌మోహన్ వచ్చారు. నిండా ఏడు నెలలు కాలేదు. మళ్లీ 1993 మార్చిలో అదే రాష్ట్రానికి పిలిచారు, ఈసారి 1998 దాకా ఉన్నారు. ఆ అయిదేళ్లలో హజ్రత్‌బల్ మసీదు ముట్టడి చూశారు, చరారె షరీఫ్ దర్గా తగలబడటం చూశారు, 1987 తర్వాత ఆగిపోయిన అసెంబ్లీ ఎన్నికలు 1996లో జరగడమూ చూశారు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. 1983లో కృష్ణారావుగారి తర్వాత సీనియారిటీ ప్రకారం చీఫ్ కావాల్సింది లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె.సిన్హా. ప్రభుత్వం ఆయన్ని దాటేసి ఎ.ఎస్.వైద్య గారిని చీఫ్‌ని చేసింది. సిన్హా రాజీనామా చేసి వెళ్లిపోయారు. అక్కడితో అయిపోయిందనుకున్న మనిషి తర్వాత నేపాల్‌కి రాయబారి అయ్యారు, 1997లో అస్సాం గవర్నర్, 2003లో జమ్మూకాశ్మీర్ గవర్నర్. చీఫ్ అయినాయనా, కాలేకపోయినాయనా శ్రీనగర్‌లో ఒకే రాజ్‌భవన్‌లో ఉన్నారు. దీన్ని చూసి ప్లాన్ ఎలా వేస్తాం చెప్పండి! అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలకి గవర్నర్ మాట పక్కన పెట్టించి, కల్నల్ దాకా లెక్క వేయిస్తాను.

ఆ లెక్క ఇదీ. ఎన్డీఏలో, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరితే పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఒక ఏడాది. 22 ఏళ్లకి లెఫ్టినెంట్, మూల వేతనం 56,100, దానికి మిలిటరీ సర్వీస్ పే 15,500 అదనం. రెండేళ్లకి కెప్టెన్, ఆరేళ్లకి మేజర్, పదమూడేళ్లకి లెఫ్టినెంట్ కల్నల్. ఇక్కడిదాకా డిపార్టుమెంటు పరీక్షలు రాసుకుంటూ పోతే కాలమే తీసుకెళ్తుంది. ఆ పైన సెలక్షన్ బోర్డు. కల్నల్ నుంచి ప్రతి మెట్టులోనూ బ్యాచ్‌లో చాలామంది ఆగిపోతారు, వాళ్లలో మంచి ఆఫీసర్లే ఎక్కువ. ఖాళీలు తక్కువ, అంతే. బ్రిగేడియర్ స్థాయిలో కొద్దిమందిని ఢిల్లీలోని నేషనల్ డిఫెన్స్ కాలేజీకి పంపుతారు. అక్కడ ఐఏఎస్, ఐపీఎస్, ఐఎఫ్ఎస్ వాళ్లతో కలిసి దాదాపు ఏడాది చదవాలి. యూనిఫాం లేని ప్రభుత్వం ఎలా నడుస్తుందో సైన్యంవాళ్లు దగ్గరగా చూసే చోటు అది. లెఫ్టినెంట్ జనరల్‌కి రిటైర్మెంట్ 60, చీఫ్‌కి 62 లేదా మూడేళ్లు, ఏది ముందైతే అది. కల్నల్‌గా ఆగిపోయినా 54 దాకా సర్వీసు, పెన్షను, గౌరవం ఉంటాయి. ఆ బతుకు బాబుకి ఇష్టమేనా? ఇష్టమైతేనే ముందుకెళ్లండి. మీరూ ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. 2020 జూన్‌లో గల్వాన్‌లో ప్రాణం ఇచ్చిన కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట మనిషి, చదివింది మీ పక్క జిల్లాలోని కోరుకొండ సైనిక్ స్కూల్లో. ఒక యూనిట్‌కి కమాండర్‌గా ఉంటూ ముందు నిలబడ్డాడు. ఈ మాట తల్లితో కూడా మాట్లాడుకున్నాకే సంతకం పెట్టండి.

అగ్నివీర్ వేరే గుమ్మం. నాలుగేళ్ల సర్వీసు, తర్వాత 25 శాతం దాకా మాత్రమే రెగ్యులర్‌గా ఉంచుకుంటారు, అదీ సిపాయి హోదాలో. ఆఫీసరు కావాలనుకునే ఎంపీసీ పిల్లాడికి మొదటి దారి అది కాకూడదు.

బాబు ఇప్పుడే ఎన్డీఏకి అప్లై చేయొచ్చు, సెకండియర్ చదువుతున్నవాళ్లకి అర్హత ఉంది. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. లెక్కలు 300, జనరల్ ఎబిలిటీ 600, ఆ పైన ఎస్ఎస్‌బీకి, అంటే ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు పెట్టే పరీక్షలకి, ఇంటర్వ్యూకి మరో 900. తప్పు రాస్తే మార్కులు కోస్తారు. ఎంసెట్ డబ్బు వృథా కాదు, లెక్కలూ ఫిజిక్సూ అవే. ఇంగ్లిష్, చరిత్ర, భూగోళం విడిగా చదవాలి. ప్రశ్నపత్రం తెలుగులో రాదు. ఇది తప్పినా ఆర్మీ తలుపు మూసుకోదు. ఇంటర్‌లో ఎంపీసీలో 60 శాతం ఉండి జేఈఈ మెయిన్ రాసుంటే టెక్నికల్ ఎంట్రీ ఉంది, డిగ్రీ తర్వాత సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ఉంది, ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి రాతపరీక్ష లేని ఎంట్రీ ఉంది.

మన పిల్లలు రాతపరీక్షలో పోయేది తక్కువ, ఎస్ఎస్‌బీలో పోయేది ఎక్కువ. అయిదు రోజులు అక్కడే ఉంచి చూస్తారు. మొదటిరోజే ఒక మసక బొమ్మ అర నిమిషం చూపిస్తారు, దాని మీద కథ రాయాలి, తర్వాత పదిహేనుమంది దాకా గుండ్రంగా కూర్చుని అందరికీ ఒప్పుబాటయ్యే కథ ఒకటి తేల్చాలి. మన హాస్టల్ పిల్లాడు అక్కడ నోరు తెరవడు. నా ఎదుట కూర్చున్న ఒక కుర్రాణ్ణి "పోయిన ఆదివారం ఏం చేశావు నాన్నా?" అని అడిగాను. "స్టడీ అవర్ సార్" అన్నాడు. "దానికి ముందు ఆదివారం?" "వీక్లీ టెస్ట్ సార్." మొదటి ర్యాంకుల్లో ఉండే పిల్లాడు, రెండేళ్లుగా చెప్పుకోవడానికి ఒక్క ఆదివారం లేదు. తప్పు వాడిది కాదు లెండి. మీ బాబు ఇంట్లోంచే కాలేజీకి వెళ్తుంటే అదృష్టం. రోజూ సాయంత్రం ఆడనివ్వండి, ఊళ్లో పండక్కి పందిరి వేసే పని ఏదైనా నెత్తిన పెట్టండి, భోజనాల దగ్గర పేపర్లో వార్త ఒకటి ఇంగ్లిష్‌లో అందరికీ చెప్పమనండి. తప్పులు వస్తే వస్తాయి.

ఫారం నింపే ముందు ఒక్క పని. బాబుని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రంగులు సరిగా పోల్చుకుంటున్నాడో లేదో పరీక్ష చేయించండి. చుక్కల మధ్య అంకెలు దాగున్న పుస్తకం చూపిస్తారు, పది నిమిషాల పని. ఎస్ఎస్‌బీ పాసై, ఊరంతా స్వీట్లు పంచి, మెడికల్లో ఆ పుస్తకం ముందు కూర్చుని అంకె చెప్పలేకపోయిన పిల్లాడొకడు నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లూ ఎరుపూ ఆకుపచ్చా తనకి కలిసిపోతున్నాయని వాడికే తెలీదు.