కాళ్ల సిరల జబ్బు ఒంటి మీదికి ఎలా వస్తుంది: ఒక పెనం మనిషి జవాబు

బట్టల షోరూములో రోజంతా నిలబడి పనిచేసే మీ అమ్మగారికి కాళ్ల మీద సిరలు ఉబ్బి మెలికలు తిరిగాయని, సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయని రాశారు. 'ఆ చెడు రక్తం గుండెకు ఎక్కుతుంది' అని చుట్టాలు బెదిరిస్తున్నారట. అది నిజమా, దీనివల్ల మొత్తం ఆరోగ్యం పాడవుతుందా అని మీ ప్రశ్న.

చుట్టాల మాట పక్కన పెట్టండి. సిరల్లో ఉండేది చెడు రక్తం కాదు, ఆక్సిజన్ ఇచ్చేసి గుండెకు తిరిగి వెళ్తున్న రక్తం. సిరలు ఉబ్బినంత మాత్రాన గుండె చెడిపోదు. అలాగని ఇది కాలితో సరిపెట్టుకునే జబ్బూ కాదు. ముందు నిద్రను తింటుంది, తర్వాత నడకను తింటుంది. ఆ రెండూ పోయాక మిగతా రోగాలను పిలవనక్కర్లేదు, అవే వస్తాయి.

నాకు తణుకులో టిఫిన్ సెంటర్ ఉంది. తెల్లవారుజామున పొయ్యి వెలిగిస్తే పొద్దెక్కేదాకా పెనం ముందే నిలబడాలి, సాయంత్రం మళ్లీ పునుగుల మూకుడు. పైగా కాళ్లకు ఎదురుగా మంట. వేడికి సిరలు ఇంకా వదులవుతాయి. నాకూ ఇదే జబ్బు వచ్చింది, మా నాన్నగారికీ ఉండేది. వారసత్వం, బరువు, నిలబడే వృత్తి, ఆడవారికైతే కాన్పులు, ఇవన్నీ కలిసి వస్తాయి.

కాలి నుంచి రక్తాన్ని పైకి ఎక్కించే పని చాలావరకు పిక్క కండరానిది. అడుగు వేసినప్పుడల్లా అది బిగిసి లోపలి సిరలను పిండుతుంది. పైకి వెళ్లిన రక్తం కిందికి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలు అడ్డుకుంటాయి. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలో, 80 నుంచి 90 దాకా ఉంటుంది. కవాటాలు బాగున్నవారు నడవడం మొదలుపెడితే అది 30 లోపుకు దిగుతుంది. కవాటాలు వదులైనవారికి నడిచినా అంతగా దిగదు. 'రోజంతా కాళ్ల మీదే ఉంటాను, నాకు వేరే నడకెందుకు' అనేవారు ఈ రెండు అంకెలూ చూడాలి. నిలబడటం వేరు, నడవడం వేరు.

నాకు మొదట కాళ్లు బరువుగా అనిపించేవి, తర్వాత రాత్రుళ్లు పిక్కలు పట్టేయడం మొదలైంది. అర్ధరాత్రి లేచి కాలు నేలకేసి అదుముకుంటూ కూర్చునేవాణ్ని. నిద్ర చాలని మనిషి పొద్దున్నే వంద మందికి దోశలు పోస్తే ఎలా ఉంటాడో ఊహించుకోండి, నా చిరాకంతా చట్నీ అడిగినవారి మీద పడేది. కాళ్లు లాగుతున్నాయని కూరగాయల బజారుకు కూడా స్కూటరే. బరువు పెరిగింది. ఆ బరువు పొట్ట దగ్గర సిరల మీద ఒత్తిడి పెంచి కాళ్ల వాపును ఇంకా పెంచుతుంది. ఆ తర్వాత రక్తపరీక్షలో షుగరు హద్దు మీద ఉందని తేలింది. షుగరును సిరలు తేలేదు కానీ, దానికి దారి మాత్రం వేసిపెట్టాయి.

అన్నిటికంటే కష్టపెట్టింది చర్మం. చీలమండకు లోపలి వైపు, నాలుగు వేళ్లు పైన, కాఫీ రంగు మచ్చలు వచ్చాయి. ఒత్తిడికి ఎర్రకణాలు బయటికి కారితే వాటిలోని ఇనుము చర్మంలో పేరుకుని అలా కనిపిస్తుంది. ఒకటే దురద. మందుల దుకాణం కుర్రవాడు తామర అని ఆయింట్‌మెంట్ అంటగట్టాడు. ఆ చోట చర్మం వేలితో నొక్కినా లొంగనంత గట్టిపడింది. దాని మీద ఒకరోజు నూనె చుక్క చిందింది. చేతి మీద పడితే వారంలో మానిపోయే బొబ్బ, అక్కడ పుండై నెలల తరబడి మానలేదు. నీరు కారి లుంగీ తడిసేది, వాసన వచ్చేది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. మనసు కుంగడం కూడా ఆరోగ్యం కిందికే వస్తుందని నా అభిప్రాయం.

చివరికి ఒక వాస్క్యులర్ సర్జన్, అంటే రక్తనాళాల డాక్టరు, నన్ను నిలబెట్టి డాప్లర్ స్కాన్ (రక్తం ఎటు పారుతోందో చూపే స్కాన్) తీయించారు. కవాటాలు ఎక్కడ లీకవుతున్నాయో నిలబడినప్పుడే బాగా తెలుస్తుందట. పుండుకు బిగుతు కట్టు కట్టి, పాడైన పైసిరను, అంటే చర్మం కిందే ఉండే సిరను, లేజరుతో మూసేశారు. కాలికి మాత్రమే మత్తు ఇచ్చారు, అదే రోజు నడిపించారు. సిర మూస్తే రక్తం ఎటు పోతుందని మా ఆవిడ అడిగింది. కాలి రక్తంలో సుమారు 90 శాతం లోపలి సిరల గుండానే వెళ్తుంది, పైసిర లేకపోయినా లోటుండదు.

ఆపరేషన్ అందరికీ అవసరం పడదు. మీ అమ్మగారికి బహుశా మొదట బిగుతు మేజోళ్లు రాస్తారు. పొద్దున్నే, వాపు రాకముందే, మంచం దిగకుండా తొడుక్కోవాలి. మన కోస్తా మే నెలలో అవి నరకమే, అబద్ధం చెప్పను. అయినా తేడా వారంలో తెలుస్తుంది. షుగరు ఉన్నవారు, పొగతాగేవారు మాత్రం కాలి ధమనుల్లో రక్తం సరిగా దిగుతోందో లేదో చూపించుకున్నాకే వేసుకోవాలి. ధమనులు మూసుకుని ఉంటే బిగుతు హాని చేస్తుంది. రాత్రి మంచం కాళ్లవైపు రెండు ఇటుకలు పెడితే మేలు. ఉబ్బిన సిరల మీద గట్టిగా మర్దన వద్దు.

పనిలో ఆమె గంటకోసారి నాలుగడుగులు వేయాలి. అది కుదరకపోతే నిలబడిన చోటే మడమలు ఎత్తి దించాలి. నేను పెనం మీద అట్టు కాలేలోపు అదే చేస్తాను. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలని చట్టం సవరించారు. ఒక స్టూలు వేయించడానికి చట్టం దాకా వెళ్లాల్సి రావడం మన యజమానుల ఘనత, నేనూ యజమానినే కాబట్టి అనగలను.

నిజంగా భయపడాల్సినవి ఇవి. ఒక్క కాలు ఉన్నట్టుండి వాచి, నొప్పి, వేడి ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ఆయాసం, ఛాతీనొప్పి వస్తాయి, ప్రాణాపాయం. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే పడుకోబెట్టి, కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టుకోండి. పైన తాడు బిగించకండి.

ఇంకొక్క మాట. రెండు కాళ్లూ సమానంగా వాస్తుంటే సిరలే కారణమని తేల్చేయకండి. గుండె, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్, వీటిలో ఏది దెబ్బతిన్నా వాపు వస్తుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా వస్తుంది. ఎవరో చెప్పారని మూత్రం ఎక్కువ పోయే మాత్రలు మింగించవద్దు, సిరల వాపుకు అవి మందు కాదు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆమె వాడే మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లండి, వీలైతే వాపు బాగా కనిపించే సాయంత్రం పూటే చూపించండి.