బొమ్మ బాగుంది, పాయింటు ఎందుకు రాలేదంటే

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బయాలజీ పేపర్ ఫోటో చూశాను. నాలుగుకి ఒకటి వచ్చిందని రాత్రి అన్నం కూడా తినలేదట, మీ నాన్న చెప్పాడు. నీ జవాబు మూడుసార్లు చదివాను. ఖమ్మంలో ఇంటర్ పరీక్షలో ఇదే రాసి ఉంటే దిద్దే సారు మురిసిపోయేవారు. ఇక్కడ అమెరికాలో ఒకటి రావడం కూడా న్యాయమే. అదెలాగో చెప్తాను, కోపం తెచ్చుకోకు.

ప్రశ్న ఏమిటి? బంగాళదుంప ముక్కల్ని రకరకాల చక్కెర నీళ్లలో వేశారు. ఒక గాఢమైన ద్రావణంలో ముక్క బరువు తగ్గింది. ఎందుకు తగ్గిందో ఎక్స్‌ప్లెయిన్ చెయ్యమన్నారు. నువ్వేం రాశావు? ఆస్మాసిస్ (పల్చటి పొర గుండా నీళ్లు కదలడం) నిర్వచనం, ఎండాస్మాసిస్ (లోపలికి), ఎక్సాస్మాసిస్ (బయటికి) తేడా, తిసిల్ గరాటు ప్రయోగం, దానికి స్కెచ్ పెన్నులతో బొమ్మ, బాణాలు, లేబుళ్లు. పేజీన్నర. అందులో ఒక్క ముక్క తప్పు లేదు. కానీ బంగాళదుంప అనే మాటే లేదు. వాళ్లకి కావలసింది ఇంతే: బయటి ద్రావణంలో వాటర్ పొటెన్షియల్ (నీళ్లు అక్కణ్ణుంచి కదిలిపోయే మొగ్గు) దుంప కణాల్లోకన్నా తక్కువ, అందుకే నీళ్లు కణాల్లోంచి బయటికి పోయాయి, అందుకే బరువు తగ్గింది. మూడు ముక్కలు, ఒకదానికొకటి ‘అందుకే’తో కలిసి.

అక్కడ మనం ఎంత తెలుసో చూపించాలని రాస్తాం. ఇక్కడ అడిగిన దానికి మాత్రమే పాయింటు పడుతుంది. పెద్ద పరీక్ష దిద్దేవాళ్ల చేతిలో ఒక పట్టిక ఉంటుంది, ఫలానా మాట ఉంటే ఒక పాయింటు అని. ఆ మాట లేకపోతే చుట్టూ ఎంత పాండిత్యం ఉన్నా సున్నాయే. ఏపీ బయాలజీ అంతా ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది.

(ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు అని మీ నాయనమ్మకి చెప్పేసరికి నాకు తాతలు దిగివచ్చారు. నువ్వు ప్రయత్నించకు.)

ఆ పెద్ద పరీక్ష మే నెలలో, 3 గంటలు. మొదటి గంటన్నరలో 60 బిట్లు. మిగతా గంటన్నరలో 6 రాత ప్రశ్నలు. చెరి సగం మార్కులు. బిట్లు బ్లూబుక్ అనే యాప్‌లో కంప్యూటర్ మీద చేస్తావు. రాత ప్రశ్నలు కూడా తెర మీదే కనిపిస్తాయి గానీ జవాబులు కాగితం మీద పెన్నుతో రాయాలి. బిట్లకి నెగటివ్ మార్కులు లేవు. నీట్ భయంతో ఇంకా బిట్లు వదిలేస్తున్నావని నీ పేపర్ చూస్తేనే తెలుస్తోంది, ఏడు ఖాళీలు పెట్టావు! ఇక్కడ ఖాళీ పెట్టడమంత దండగ ఇంకోటి లేదు. తెలియకపోతే ఏదో ఒకటి నొక్కు.

రాత ప్రశ్నల్లో రెండు పెద్దవి, ఒక్కోటి 9 పాయింట్లు. నాలుగు చిన్నవి, ఒక్కోటి 4. పెద్దదానికి 25 నిమిషాలు, చిన్నదానికి 10 పెట్టుకుంటే సరిగ్గా గంటన్నర. పెద్దవి రెండూ ఎవరో చేసిన ప్రయోగం ఇచ్చి అడుగుతారు. రెండోదాంట్లో గ్రాఫ్ గియ్యాలి. చిన్నవాటిలో ఒకటి ప్రయోగం ఎలా నడిపారన్నది, ఒకటి కాన్సెప్టు, ఒకటి బొమ్మ లేక మోడల్ ఇచ్చి, ఒకటి అంకెలు ఇచ్చి. ఈ వరస ఏటా మారదు కాబట్టి ఏ ప్రశ్న ఎందుకు వచ్చిందో చూడగానే తెలిసిపోతుంది.

ప్రశ్నలో మొదట చూడాల్సింది క్రియాపదం. ఐడెంటిఫై అంటే పేరు చెప్పు, ఒక మాట చాలు. డిస్క్రైబ్ అంటే ఎలా ఉందో చెప్పు. ఎక్స్‌ప్లెయిన్ అంటే ఎందుకు, ఎలా అన్నది రావాలి. ప్రిడిక్ట్ అంటే ఏం జరుగుతుందో చెప్పు. దాని పక్కన జస్టిఫై ఉంటే కారణానికి వేరే పాయింటు ఉన్నట్టు. నా క్లాసులో పిల్లలు ఎక్కువగా జారేది అక్కడే. ‘పెరుగుతుంది’ అని ఊహ రాసి, కారణం రాయకుండా కింది ప్రశ్నకి వెళ్లిపోతారు. ఏ, బీ, సీ, డీ అని భాగాలుంటాయి, నువ్వూ అలాగే విడివిడిగా పేరు పెట్టి రాయి. వాక్యాలుగా రాయాలి సుమా. ఉత్త బొమ్మ, ఉత్త పాయింట్ల జాబితా పెడితే లెక్కలోకి తీసుకోరు. నీ గరాటు బొమ్మ ఎంత అందంగా ఉన్నా అంతే సంగతి.

ఇంకో గుంట ఉంది. మందు తట్టుకునే బ్యాక్టీరియా గురించి నువ్వు ఇలా రాశావు: ‘యాంటీబయాటిక్‌ను తట్టుకోవడానికి బ్యాక్టీరియా మారింది.’ మనం మామూలుగా మాట్లాడేటప్పుడు అలాగే అంటాం, దోమలు కాయిల్‌కి అలవాటు పడ్డాయని. పరీక్షలో అలా రాస్తే పాయింటు పోయినట్టే. బ్యాక్టీరియా ఏదీ కావాలని మారలేదు. ఆ గుంపులో మందు వెయ్యకముందే కొన్నిటికి తట్టుకునే జన్యువు ఉంది. మందు పడ్డాక మిగతావి చచ్చాయి, ఇవి బతికి పిల్లల్ని పెట్టాయి. ‘ముందే ఉంది’ అన్న మాట లేకపోతే నీకు విషయం తెలిసినా దిద్దేవాళ్లకి తెలిసే దారి లేదు. యూనిట్ 7, నేచురల్ సెలక్షన్, సిలబస్‌లోని ఎనిమిది యూనిట్లలో ఎక్కువ బరువున్నది. బిట్లలో 13 నుంచి 20 శాతం దాకా దానికే.

ఇక ఎర్రర్ బార్లు, అంటే గ్రాఫ్‌లో సగటు ఎంత అటూ ఇటూ కావచ్చో చూపే గీతలు. ఇంటర్లో ఇవి నీకు తగిలుండవు. ఒక గుంపు మొక్కలకి సగటు 12 సెంటీమీటర్లు, ఇంకో గుంపుకి 15 అనుకో. ఎక్కువ ఏది అంటే 15 అంటావు. ఆగు. బార్ పైకీ కిందికీ 2 చొప్పున ఉందనుకో. మొదటిది 10 నుంచి 14, రెండోది 13 నుంచి 17. రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి కాబట్టి నిజంగా తేడా ఉందని ఈ లెక్కతో చెప్పలేవు. ఆ మాటే రాయాలి, ఏ బార్లు ఎక్కడ కలిశాయో చూపించి మరీ. ఇది వచ్చేస్తే పెద్ద ప్రశ్నల్లో ఒకటి రెండు పాయింట్లు చేతిలో పడ్డట్టే. గ్రాఫ్‌లో అక్షాలకి పేర్లు, యూనిట్లు, సమానమైన గడులు, అడిగితే ఎర్రర్ బార్లు. విడివిడి గుంపులైతే బార్ గ్రాఫ్, కాలంతో పాటు మారేదైతే లైన్. యూనిట్లు మర్చిపోయి పోగొట్టుకున్న పాయింటుకి మించిన కడుపుమంట ఉండదు.

ఇప్పుడు వదిలెయ్యాల్సినవి. నేను మొదట్లో ఇక్కడ పాఠం చెప్పేటప్పుడు పిల్లలతో క్రెబ్స్ సైకిల్ (కణం ఆహారంలోంచి శక్తి తీసే మెట్లలో ఒక భాగం) మొత్తం బట్టీ పట్టించాను. ఎంజైముల పేర్లు, మధ్యలో వచ్చే ఆమ్లాలు, అన్నీ. తెనాలిలో నాకు మా మేడమ్ నేర్పిన పద్ధతి మరి, గర్వంగా చేశాను. రెండు వారాలు పోయాక ఒక పిల్లాడు సిలబస్ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆ మెట్ల పేర్లు, ఎంజైములు పరీక్షలో అడగరని అందులో స్పష్టంగా ఉంది. ఏం లోపలికి వెళ్తుంది, ఏం బయటికి వస్తుంది, ఎలక్ట్రాన్లు ఎటు పోతాయి, మధ్యలో ఆపితే ఏమవుతుంది, ఇవి చాలు. నెఫ్రాన్, గుండె, బొద్దింక, కప్ప ఇవన్నీ నీ బీరువాలో భద్రంగా దాచుకో. 2019లో సిలబస్ కుదించినప్పుడు శరీర వ్యవస్థల పాఠాలు చాలావరకు తీసేశారు.

ల్యాబులున్నాయి గానీ మన ప్రాక్టికల్స్ లాగా విడిగా మార్కులు లేవు. స్లైడ్లు, స్పాటర్లు, రికార్డుకి సంతకం ఏమీ లేవు. కానీ ల్యాబ్‌లో చేసిన ఆలోచనే పరీక్షలో అడుగుతారు. కంట్రోల్ (పోల్చడానికి మార్చకుండా ఉంచింది) ఏది, దేన్ని మార్చారు, దేన్ని కొలిచారు, నల్ హైపాథసిస్ (తేడా ఏమీ ఉండదన్న ఊహ) ఏమిటి. అందుకని బల్ల దగ్గర నిలబడి పక్కవాడి రీడింగ్ కాపీ కొట్టకు.

మీ నాన్న అడిగాడు కాబట్టి ఇదీ రాస్తున్నాను. స్కూల్లో వచ్చే గ్రేడు వేరు, మే పరీక్షలో 1 నుంచి 5 దాకా వచ్చే స్కోరు వేరు. నాలుగుకి వచ్చిన ఈ ఒకటి స్కూల్ గ్రేడులోది. స్కోరుకి క్రెడిట్ (కాలేజీలో ఆ కోర్సు చదివినట్టే లెక్క) ఇవ్వాలా వద్దా అన్నది ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ చూసుకుంటుంది. మెడిసిన్‌కి వెళ్లాలనుకుంటే కొన్ని మెడికల్ కాలేజీలు ఈ క్రెడిట్‌ని బయాలజీ కోర్సుకి బదులుగా ఒప్పుకోవు. కాబట్టి 5 రాకపోతే డాక్టరు కాలేదన్న లెక్క ఎక్కడా లేదని వాడికి నేనే చెప్తాలే. పరీక్షకి పేరు మాత్రం నవంబరు మధ్యలోపే స్కూల్లో ఇప్పించు.

కోచింగ్ ఎక్కడ అని వెతకకండి. ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ వాళ్ల సైట్లో పాత రాత ప్రశ్నలూ, ఏ మాటకి ఏ పాయింటు వేశారో ఆ పట్టికా ఉచితంగా ఉన్నాయి. పదేళ్లవి ఉంటే నీకు నాలుగేళ్లవి చాలు. ముందు పట్టిక చూడకుండా గడియారం పెట్టుకుని రాయి. తర్వాత పట్టిక పక్కన పెట్టుకుని నీ పేపర్ నువ్వే ఎర్ర పెన్నుతో దిద్దు. కనికరం లేకుండా.

ఈ శనివారానికి ఒక్క పెద్ద ప్రశ్న చాలు. గ్రాఫ్ ఉన్నది తీసుకో. 25 నిమిషాలు దాటాక రాసింది గీత కింద రాయి, ఎక్కడ టైం అయిపోయిందో నాకు కనిపించాలి. ఫోటో పంపు, ఆదివారం పొద్దున నేను ఖాళీగానే ఉంటాను. స్కెచ్ పెన్నులు తమ్ముడికిచ్చెయ్యి.

మీ అత్త