సర్వర్ లేవగానే నీ ప్రోగ్రామూ లేవాలంటే

నాయనా,

నీ అప్లికేషన్ టెర్మినల్‌లో చక్కగా నడుస్తోందని, మెషీన్ బూట్ అయిన ప్రతిసారీ దానంతటదే మొదలవ్వాలంటే ఏం చేయాలని అడిగావు. కమాండ్ ముందు నోహప్ (లాగౌట్ అయినా ఆగనివ్వని కమాండ్), చివర ఆంపర్‌శాండ్ (&, వెనకాల నడపమనే గుర్తు) తగిలిస్తే సరిపోదు. నువ్వు లాగౌట్ అయినా అది బతుకుతుంది గానీ రీబూట్‌ను తట్టుకోలేదు. అర్ధరాత్రి క్రాష్ అయితే లేపే దిక్కూ ఉండదు. ఇవాళ వాడుకలో ఉన్న లినక్స్‌లలో చాలావాటికి సిస్టమ్‌డీ ఉంది, అంటే బూట్‌లో ప్రోగ్రాములను మొదలుపెట్టి కనిపెట్టుకుని ఉండేది, ఆ బాధ్యత దానికే అప్పగించు.

ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకో. టెర్మినల్‌లో నడిపేటప్పుడు నీ షెల్ చాలా వాటిని అడక్కుండానే అమర్చిపెడుతుంది: పాత్ (ప్రోగ్రాములను వెతికే చోట్ల జాబితా), ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, నువ్వున్న డైరెక్టరీ, నీ యూజర్ హక్కులు. సిస్టమ్‌డీ లేపితే ఇవేవీ వెంట రావు. షెల్ సెట్టింగుల ఫైలైన బ్యాష్‌ఆర్‌సీని అది చూడనైనా చూడదు. చేత్తో నడిపితే నడిచేది సర్వీస్‌గా పెట్టగానే పడిపోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి అన్నీ నువ్వే రాసివ్వాలి.

రాయాల్సిన చోటు /ఈటీసీ/సిస్టమ్‌డీ/సిస్టమ్/ డైరెక్టరీ. అక్కడ మైయాప్.సర్వీస్ అని ఒక ఫైలు తెరువు. అందులో యూనిట్, సర్వీస్, ఇన్‌స్టాల్ అని మూడు భాగాలుంటాయి. సర్వీస్ భాగంలో ఎగ్జెక్‌స్టార్ట్ దగ్గర ప్రోగ్రామ్ పూర్తి పాత్ ఇవ్వు, స్లాష్‌తో మొదలెట్టి. ఆ లైను షెల్ గుండా పోదు. పైప్, రీడైరెక్ట్, రెండు ఆంపర్‌శాండ్‌లు అక్కడ పనిచేయవు. రిలేటివ్ పాత్‌తో కాన్ఫిగ్ చదివే ప్రోగ్రామైతే వర్కింగ్‌డైరెక్టరీ తప్పనిసరి, లేకపోతే అది రూట్ డైరెక్టరీలో వెతుక్కుంటుంది. యూజర్ దగ్గర ఆ అప్లికేషన్ కోసమే సృష్టించిన ఖాతా పేరు పెట్టు. అది రాయకపోతే రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న యూజర్‌గా నడుస్తుంది, నెట్‌వర్క్‌కు తలుపు తెరిచి కూర్చునే ప్రోగ్రామ్‌కు అంత అధికారం ఇవ్వకూడదు. 80 లాంటి 1024 లోపు పోర్టు కావాలన్నా రూట్ అక్కర్లేదు, యాంబియెంట్ కేపబిలిటీస్‌లో ఆ ఒక్క అనుమతి ఇస్తే చాలు. పాస్‌వర్డులను ఎన్విరాన్‌మెంట్‌ఫైల్‌లో పెట్టి, దాన్ని రూట్ పేరుతో, 600 పర్మిషన్‌తో (యజమాని మాత్రమే చదివి రాయగలిగేలా) ఉంచు. చదివేది సిస్టమ్‌డీయే కాబట్టి నీ ఖాతాకు ఆ ఫైలు మీద హక్కు లేకున్నా ఇబ్బంది లేదు.

టైప్ దగ్గర చాలామంది తడబడతారు. ప్రోగ్రామ్ ఫోర్‌గ్రౌండ్‌లోనే నిలిచి ఉండేదైతే సింపుల్ అని రాయి. ఫోర్కింగ్ అని రాశావో, అది వెనక్కి ఎప్పుడు వెళుతుందా అని సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు చూసి, ఆపేస్తుంది. నీ ప్రోగ్రామ్‌లో డెమన్‌గా, అంటే వెనకాల నడిచేదిగా మారే ఆప్షన్ ఉంటే దాన్ని తీసేయడమే మేలు.

పడిపోతే మళ్లీ లేపడానికి రీస్టార్ట్ దగ్గర ఆన్-ఫెయిల్యూర్ పెట్టు. ఇక్కడ లెక్క తెలియాలి. రీస్టార్ట్‌సెక్ రాయకపోతే విరామం 100 మిల్లీసెకన్లే. అదే సమయంలో, 10 సెకన్లలో 5 సార్లకు మించి మొదలుపెట్టనివ్వదు. డేటాబేస్ ఇంకా లేవకముందే నీ ప్రోగ్రామ్ కనెక్ట్ అవ్వబోయి పడిపోతుందనుకో. ఆ అయిదు ప్రయత్నాలూ క్షణాల్లో అయిపోతాయి, ఆ తర్వాత డేటాబేస్ లేచినా నీ సర్వీస్ లేవదు. రీస్టార్ట్‌సెక్ 5 అని పెడితే ఆ పరిమితి ఎప్పటికీ తగలదు, ప్రయత్నిస్తూనే ఉంటుంది.

యూనిట్ భాగంలో ఆఫ్టర్ అనేది వరస మాత్రమే చెబుతుంది, ఎవరినీ లేపదు. నెట్‌వర్క్ నిజంగా సిద్ధమయ్యాకే మొదలవ్వాలంటే నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్‌ను ఆఫ్టర్‌లోనూ వాంట్స్‌లోనూ రాయాలి. ఇన్‌స్టాల్ భాగంలో వాంటెడ్‌బై ఎదుట మల్టీ-యూజర్.టార్గెట్ (సర్వర్ మామూలుగా బూట్ అయి చేరే దశ) ఉండాలి.

ఇక సిస్టమ్‌డీని ఆడించే సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో డెమన్-రీలోడ్ కొట్టు. ఫైలు మార్చిన ప్రతిసారీ ఇది కావాలి, లేదంటే పాత రాతే నడుస్తుంది. తర్వాత ఎనేబుల్, స్టార్ట్. ఈ రెండూ వేర్వేరు పనులు: స్టార్ట్ ఇప్పుడు నడుపుతుంది, ఎనేబుల్ బూట్‌కు నమోదు చేస్తుంది. స్టార్ట్ ఒక్కటే చేసి వదిలేస్తే తర్వాతి రీబూట్ దాకా ఏ లోపమూ బయటపడదు.

పడిపోతే ఊహించకు, స్టేటస్ చూడు, జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో నీ సర్వీస్ లాగ్ చదువు. ఎర్రర్ కోడ్‌గా 203 కనిపిస్తే ఫైలు దొరకలేదనో, ఎగ్జిక్యూట్ అనుమతి లేదనో, స్క్రిప్ట్ మొదటి లైను తప్పనో అర్థం. విండోస్‌లో సేవ్ చేసిన స్క్రిప్టుల్లో లైను చివరి కనిపించని అక్షరం వల్ల కూడా ఇదే వస్తుంది. 200 అంటే వర్కింగ్ డైరెక్టరీ దగ్గర, 217 అంటే యూజర్ పేరు దగ్గర తప్పుంది. పైథాన్ ప్రోగ్రామ్ నడుస్తున్నా లాగ్ ఖాళీగా ఉంటే అది బఫర్‌లో ఆగిందన్నమాట, పైథాన్‌అన్‌బఫర్డ్ వేరియబుల్‌కు 1 ఇవ్వు.

అన్నీ బాగున్నాయనిపించాక నిజంగా రీబూట్ చెయ్యి. లాగిన్ అవ్వకుండానే వేరే మెషీన్ నుంచి ఆ పోర్టును పలకరించు. బదులొస్తే, అప్పుడు ప్రాసెస్‌ను కిల్ మైనస్ 9తో చంపి, అయిదారు సెకన్ల తర్వాత మళ్లీ పలకరించు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న