కొండెలుకా, గిరికా?

సందేహం: శ్రీలంక కొండల్లో ఉండే ‘సన్కస్ మోంటానస్’ అనే చిన్న జంతువు గురించి పిల్లలకు పాఠం రాస్తున్నాను. ‘కొండెలుక’ అన్నాను. ‘గిరిక’ అంటే ఇంకా బాగుంటుందని తోటి టీచరు అంటున్నారు. ఏది సరైనది? – ఒక ఉపాధ్యాయురాలు, శృంగవరపుకోట

సమాధానం: రెండూ కుదరవు. గిరి అనగానే కొండ తోస్తుంది గాని, అమరకోశంలో గిరిక అంటే బాలమూషిక, అంటే మన చిట్టెలుక. మీ జంతువుకు అక్కడున్న మాట గంధమూషి. ఈ గంధం చందనం కాదు, ఒంటి పక్కల గ్రంథుల నుంచి వచ్చే ఘాటు కంపు. పిల్లి తరచు దాన్ని చంపి, తినకుండా వదిలేసేది అందుకే. తెలుగులో దాని పేరు చుంచు. చుంచెలుక అనీ అంటాం.

చిక్కంతా ఆ ‘ఎలుక’తోనే. మాటల్లో చిట్టెలుకనూ చుంచు అనేస్తాం, పరవాలేదు. పాఠంలో మాత్రం ఎలుక అని రాశామా, వెనకే ‘కొరికింది’ వచ్చి కూర్చుంటుంది. ఎలుకకు ముందు ఉలి లాంటి పళ్లు, అవి బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. వాటి వెనక ఖాళీ, ఆ తర్వాత దవడ పళ్లు, మొత్తం 16. మన ఇళ్లలో తిరిగే చుంచుకు మొనదేలిన పళ్లు వరసగా 30, పెరగవు. ధాన్యం బస్తాకు కన్నం పడితే ఎలుక పని. గోడ మూల బొద్దింక రెక్కలు పడి ఉంటే చుంచును అనుమానించండి. కాబట్టి చుంచు ‘పట్టి నమిలింది’ అనండి. బొమ్మ వేసేవారికి కూడా చెప్పాలి: మూతి కింది పెదవిని దాటి ముందుకు సాగుతుంది, కళ్లు ఆవగింజలంత. చెప్పకపోతే మళ్లీ ఎలుకనే వేస్తారు.

ఇక కొండ. కొండచిలువ, కొండగొర్రె వరసలో ‘కొండచుంచు’ అని కలిపి రాయండి. కొండచిలువలో మారని చకారం ఇక్కడా మారదు. ‘కొండెలుక’లో సంధి తప్పేమీ లేదు, నా చెవికే కొండేలు మోసే ఎలుకలా ఉంది!

అయితే ఈ ‘కొండ’ ఒక జాతికి గుర్తు. 1850లో ప్రకృతి శాస్త్రవేత్త కెలార్ట్ పేరుపెట్టిన ఈ జాతి లంక మధ్య కొండలది. మీ ఎస్.కోట నుంచి అనంతగిరి ఎక్కే దారిలో చుంచు కనబడినా ఆ పేరు తగిలించకండి. పాత పుస్తకాల్లో పడమటి కనుమల చుంచునూ ఇందులోనే కలిపేవారు. ఇప్పుడది ‘సన్కస్ నైగర్’ అనే వేరు జాతి. రెండూ పాఠంలోకి వస్తే ‘లంక కొండచుంచు’, ‘పడమటి కనుమల కొండచుంచు’ అని విడదీసి రాయండి.