డెమో కారులో ఉన్న ఫీచర్ మా కారులో లేదు, స్క్రీన్ కూడా ఆగిపోతోంది: డబ్బు వెనక్కి అడగవచ్చా?

ప్రశ్న: ఆషాఢంలో హైదరాబాద్‌లోని ఒక షోరూంలో కారు టెస్ట్ డ్రైవ్ చేశాను. ఫోన్ వైరు లేకుండానే పెద్ద స్క్రీన్‌కి కలిసింది, మ్యాప్ వచ్చింది. ఉద్యోగరీత్యా ఊళ్లు తిరిగేవాణ్ణి కాబట్టి అది చూసే బుక్ చేశాను. శ్రావణ శుక్రవారం డెలివరీ తీసుకున్నాను. కారు ధర 11 లక్షల 80 వేలు. తీరా చూస్తే మా కారులో వైరు పెడితేనే ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్లోని మ్యాప్, కాల్స్ కారు స్క్రీన్ మీద చూపించేది) వస్తోంది. అడిగితే ‘మీరు నడిపింది టాప్ మోడల్ సార్, మీది దాని కింది వేరియంట్’ అంటున్నారు. పైగా వారానికి రెండు మూడుసార్లు స్క్రీన్ నల్లబడిపోతోంది, ఆ సమయంలో రివర్స్ కెమెరా రాదు. రెండుసార్లు సర్వీస్ సెంటర్‌కి ఇస్తే ‘అప్‌డేట్ చేశాం’ అని పంపేశారు. కారు వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చా? - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మొత్తం డబ్బు వెనక్కి రావడం కష్టమండీ. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. కారు మొత్తం మార్చాలని పట్టుబట్టి, తప్పకుండా వచ్చేదాన్ని కూడా పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు.

మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులున్నాయి. వైరు లేకుండా ఫోన్ కలవకపోవడం ఒకటి, స్క్రీన్ ఆగిపోవడం ఇంకొకటి. వీటికి బాధ్యులు వేరు, చూపాల్సిన సాక్ష్యం వేరు, అడగాల్సిన పరిహారం కూడా వేరు.

మొదటిది షోరూం వాళ్ల మాటకు సంబంధించింది. నమూనా చూపించి అమ్మితే, ఇచ్చిన సరుకు ఆ నమూనాకు సరిపోవాలని 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. కానీ డెమో కారు మీ ఒప్పందంలో నమూనానా కాదా అన్నదే అసలు పేచీ. ‘డెమో కారు బండి నడిచే తీరు చూడ్డానికే, ఏ వేరియంట్‌లో ఏముందో బ్రోచర్లో ఉంది’ అని వాళ్ల వకీలు వాదిస్తారు. ఆ వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. అందుకే మీరు సీట్లో కూర్చున్నప్పుడు సేల్స్ కుర్రాడు ఏం చెప్పాడో గుర్తు తెచ్చుకోండి. ‘ఇది టాప్ మోడల్, మీరు అడుగుతున్నదాంట్లో ఇది రాదు’ అని చెప్పి ఉంటే ఈ భాగం వదిలేయండి. ఏమీ చెప్పకుండా టాప్ మోడల్ నడిపించి, కింది వేరియంట్‌కి సంతకం పెట్టించుకుంటే మాత్రం మీకు బలం ఉంది. లేని నాణ్యత ఉన్నట్టు నమ్మించడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం సేవాలోపం. బుకింగ్‌కి ముందు ఆ కుర్రాడితో నడిచిన వాట్సాప్ మెసేజీలు మొత్తం చదవండి. ‘వైర్‌లెస్ ఉంది కదా?’ అని మీరు అడిగిన ఒక్క ప్రశ్న, ‘ఉంది సార్’ అన్న ఒక్క జవాబు దొరికినా చాలు, కేసు తీరే మారిపోతుంది.

ఈ ఫిర్యాదును తయారీ కంపెనీ మీద మోపకండి. 2021లో గోవా నుంచి వచ్చిన ఒక కేసులో, 2011 మోడల్ అని డబ్బు తీసుకుని 2009లో తయారైన కారు ఇచ్చారు. కంపెనీకి ఆ సంగతి తెలుసని గానీ, అందులో పాత్ర ఉందని గానీ రుజువు లేకుండా డీలర్ తప్పును కంపెనీకి అంటగట్టలేమని సుప్రీంకోర్టు చెప్పింది.

స్క్రీన్ నల్లబడటం వేరే సంగతి. అది లోపం. వారంటీ ఇచ్చిన కంపెనీ, రిపేరు చేసిన డీలర్ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. కెమెరా చట్టప్రకారం తప్పనిసరి కాదని వాళ్లు అనవచ్చు. నిజమే, 2019 జూలై 1 నుంచి తప్పనిసరి చేసింది రివర్స్ సెన్సర్లనే. అయినా మీరు డబ్బు పెట్టి కొన్న కెమెరా అది. ఇంటి ముందు పిల్లలు ఆడుకుంటుండగా కారు వెనక్కి తీసే మనిషికి అది ఎంత అవసరమో నేను చెప్పనక్కర్లేదు.

ఇలా వస్తూ పోతూ ఉండే లోపానికి సాక్ష్యం జాబ్ కార్డు, అంటే కారు ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటర్ వాళ్లు మీ ఫిర్యాదు రాసుకునే కాగితం. చాలామంది దాన్ని చదవకుండానే సంతకం పెడతారు. అడ్వైజర్ ‘జనరల్ చెకప్’ అని రాస్తే ఒప్పుకోకండి. ‘స్క్రీన్ ఆగిపోతోంది, రివర్స్‌లో కెమెరా రావడం లేదు’ అని మీ మాటల్లోనే రాయించండి. వెళ్లిన ప్రతిసారీ కాపీ తీసుకోండి. స్క్రీన్ ఆగినప్పుడు పక్కన కూర్చున్నవాళ్ల చేత వీడియో తీయించండి, అందులో గేర్, స్పీడోమీటర్, కిలోమీటర్ల అంకె కనిపించాలి. ఒరిజినల్ ఫైలు ఫోన్లోంచి తుడిచేయవద్దు. వీడియోలు, చాట్‌లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జతచేస్తే తర్వాత పేచీ ఉండదు.

ఇక ఏం అడగాలి? మార్చదగిన భాగంలో లోపముంటే కారు మొత్తం మార్చమనడం సరికాదని 2006లో క్లచ్ లోపం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని కారు విషయంలో మాత్రం కొత్త కారు ఇవ్వమన్న ఉత్తర్వును సమర్థించింది. మీది మొదటి కోవలోకి వస్తుంది. కాబట్టి కొత్త స్క్రీన్ యూనిట్, దాని మీద అదనపు వారంటీ, రెండు వేరియంట్ల ధరల్లో ఆ ఫీచర్‌కి తగిన తేడా, మానసిక వేదనకు పరిహారం, కోర్టు ఖర్చులు అడగండి.

డెలివరీ కాగితం మీద ‘అన్నీ సరిచూసుకున్నాను’ అని సంతకం పెట్టానే అని దిగులు పడకండి. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఫొటో దిగే హడావిడిలో స్క్రీన్ సెట్టింగులు ఎవరు చూస్తారు? తర్వాత బయటపడే లోపానికి ఆ సంతకం అడ్డు కాదు.

ఇదే పొరపాటు జరగకూడదనుకునేవాళ్లకు ఒక మాట. కొనబోయే వేరియంట్‌నే టెస్ట్ డ్రైవ్‌కి అడగండి. లేదంటే, డెమో కారులో ఉండి మీదాంట్లో రానివన్నీ రాసిమ్మనండి. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసి, వెంటనే రివర్స్ గేర్ వేసి కెమెరా ఎంతసేపటికి వస్తుందో చూడండి. షోరూం ఫోన్ కాదు, మీ ఫోనే కలపండి. ఏసీ గట్టిగా పెట్టి, రోడ్డు పక్కన ఇంటికి ఫోన్ చేసి మీ మాట అవతలివాళ్లకు వినపడుతోందా అడగండి. మిట్టమధ్యాహ్నం ఎండ పడినప్పుడు స్క్రీన్ కనపడాలి. ఏసీ తగ్గించడానికి కూడా స్క్రీన్‌లో వెతుక్కోవాలా, బటన్ ఉందా చూడండి. ఇవన్నీ బండి పక్కకు ఆపాకే. యాప్ సేవలు ఎన్నేళ్లు ఉచితమో, తర్వాత ఎంత కట్టాలో అడగండి. దిగేముందు స్క్రీన్‌లోంచి మీ ఫోన్‌ని, కాంటాక్టులను తొలగించండి. డెమో కార్లలో ముందు వచ్చినవాళ్ల ఫోన్ల పేర్లు వరసగా కనిపించడం నేనే చూశాను. ఆ సాయంత్రమే ‘ఈ వేరియంట్‌లో ఇవి ఉన్నాయని మీరు చెప్పారు’ అని షోరూంకి ఈమెయిల్ పెట్టి, బుకింగ్ ఫారం మీద కూడా ఆ మాట రాయించండి.

మీరు చేయాల్సింది చెబుతాను. ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. కొన్ని కేసులు అక్కడే సర్దుబాటవుతాయి. తర్వాత కంపెనీకీ డీలర్‌కీ 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. మీరు నివసించే చోటే కేసు వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది కాబట్టి ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయండి. మీ ధరకు ఫీజు 400 రూపాయలు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. లోపం ఉందో లేదో కాగితాల మీద తేలకపోతే నిపుణుడి చేత కారు పరీక్ష చేయించమని అదే చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌ని మీరే కోరండి, అవతలివాళ్లు అడిగేదాకా ఆగకండి. కేసు వేయడానికి రెండేళ్ల గడువుంది. కానీ వారంటీ నడుస్తుండగానే, వచ్చే సర్వీసుకి ముందే నోటీసు ఇవ్వండి.