ఏలియన్ దగ్గర చిల్లర ఉంటుందా?

ప్రశ్న: సార్, నేను డిగ్రీ సెకండియర్. హాలీవుడ్ సినిమాల్లో ఏ గ్రహం వాడైనా "ఇన్ని క్రెడిట్లు" అనేస్తాడు, అక్కడితో బేరం అయిపోద్ది. అసలు ఏలియన్స్‌కి డబ్బెందుకు? అంత టెక్నాలజీ ఉన్నోళ్లకి అన్నీ ఫ్రీగా రావాలి కదా?
- ఒక స్టూడెంట్, గాజువాక

జవాబు: నీ డౌటు కరెక్టే తమ్ముడూ, ఆ "క్రెడిట్లు" అనేది చాలామంది రైటర్ల బద్ధకం, రూపాయి అని రాస్తే బాగోదని పేరు మార్చారంతే. కానీ కొందరు మాత్రం ముందు ఇంకో ప్రశ్న వేసుకుంటారు, ఈ గ్రహంలో దేనికి కరువు అని. దేనికి కరువో దాన్నిబట్టే డబ్బు. ఇది మన వైజాగ్ వాళ్లకి పుస్తకం చదివి తెలుసుకోవక్కర్లేదు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మర్నాడు పొద్దున్న నా జేబులో ఏటీఎం కార్డుంది, కరెంటు లేదు, ఫోన్లో సిగ్నల్ లేదు, ఆ కార్డు పెట్టి విసురుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. మా సందు చివర కిరాణా ఆయన పాల ప్యాకెట్టు ఖాతాలో రాసి ఇచ్చాడు, అది కూడా నా మొహం తెలుసు కాబట్టి. ఆ నాలుగు రోజులూ మా వీధిలో చెల్లిన కరెన్సీ ఏంటంటే తెలిసిన మొహం, బోరింగు నీళ్ల బిందె.

ఇప్పుడు స్టార్ ట్రెక్ అనే అమెరికన్ టీవీ సిరీస్‌లో ఫెరెంగీలని పెద్ద చెవుల జాతి ఒకటుంది, 1987లో మొదటిసారి కనిపించారు, లాభమే వాళ్లకి దేవుడు, దానికి 285 సూత్రాలు కూడా రాసుకున్నారు. మొదటి సూత్రమే, ఒకసారి వాళ్ల డబ్బు నీ చేతికొచ్చాక తిరిగివ్వకు అని! ఆ లోకంలో రెప్లికేటర్ అనే మెషీన్ ఉంటుంది, కాఫీ అంటే కాఫీ, చొక్కా అంటే చొక్కా చేసిచ్చేస్తుంది. మరి బంగారానికి విలువేముంటుంది? అందుకే వాళ్ల డబ్బు లాటినం, ఆ మెషీన్ కాపీ కొట్టలేని పదార్థం. కాకపోతే అది ద్రవం, చుక్కలు లెక్కపెట్టి చిల్లర ఇవ్వడం ఎవడివల్ల అవుతుంది, అందుకని బంగారం కడ్డీల్లో పోసి వాడతారు. బంగారం అక్కడ ఉత్త డబ్బా అన్నమాట. ఒక ఎపిసోడ్‌లో క్వార్క్ అనే బార్ ఓనరుకి పెట్టె నిండా కడ్డీలు దొరుకుతాయి, తీరా చూస్తే లోపల లాటినం ఎవరో లాగేశారు, పనికిరాని బంగారమే మిగిలిందని మొత్తుకుంటాడు. మా అమ్మకి చూపిస్తే "పిచ్చోడు, అది నాకియ్యమను" అంది.

దీనికి రివర్స్ కథ డగ్లస్ ఆడమ్స్ రాశాడు. గోల్గాఫ్రించమ్ అనే గ్రహం వాళ్లు కొందరు ఆదిమకాలం నాటి భూమ్మీద దిగి, చెట్టు ఆకుల్నే డబ్బుగా ప్రకటించుకుంటారు, అందరూ ఒక్క పూటలో కోటీశ్వరులు. తర్వాత ఏమైంది? మూడు అడవుల ఆకులిస్తే ఒక్క వేరుశెనగ గింజ వచ్చే పరిస్థితి. దానికి వాళ్లు కనిపెట్టిన పరిష్కారం, అడవులు తగలబెట్టడం. నవ్వుకుంటాం గానీ నోట్లు ఎక్కువైతే రేట్లు ఎందుకు పెరుగుతాయో ఇంత తేలిగ్గా నాకు ఏ లెక్చరరూ చెప్పలేదు.

ప్రశ్న: మా అబ్బాయితో కలిసి స్టార్ ట్రెక్ చూస్తున్నానండీ. ఆ ఫెరెంగీల్లో ఆడవాళ్లు సంపాదించకూడదట, బట్టలు కూడా కట్టుకోకూడదట, ఇదెక్కడి గొడవ? చిరాకేసి ఆపేశాను.
- ఒక గృహిణి, సీతమ్మధార

జవాబు: ఆపేయకండమ్మా, అసలు కథ ఆ తర్వాతే. క్వార్క్ వాళ్లమ్మ ఇష్కా ఎవరికీ తెలీకుండా వ్యాపారాల్లో డబ్బులు పెట్టి కొడుకు బార్‌లో ఎంత గింజుకున్నా రానంత సంపాదించేస్తుంది, అది బయటపడేసరికి ప్రభుత్వం ఆఫీసరు ఇంటికొచ్చేస్తాడు, కొడుక్కి పరువు పోయిందని బాధ కంటే అమ్మ తనకంటే తెలివైందని బాధే ఎక్కువ. 1995లో వచ్చిన ఎపిసోడ్ అది. నాకైతే అది చూస్తుంటే 2016 నవంబర్ గుర్తొచ్చింది, ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవనగానే మా పిన్ని పోపుల డబ్బాలోంచి, బియ్యం డ్రమ్ములోంచి తీసిన నోట్లు చూసి మా బాబాయి నోట మాట లేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఇంకో బ్యాంకు నడుస్తోందని ఆయనకి ఆరోజే తెలిసింది. ఆ రోజు నుంచి ఆవిడ చీటీలు బహిరంగంగానే కడుతోంది లెండి.

ప్రశ్న: మర్చంట్ నేవీలో చేసి రిటైరయ్యాను. నక్షత్రాల మధ్య సరుకు రవాణా నిజంగా గిట్టుబాటు అవుతుందా?
- ఒక పాఠకుడు, మల్కాపురం

జవాబు: మీలాంటి వాళ్లు అడగాల్సిన ప్రశ్నండీ ఇది. దీనిమీద పాల్ క్రుగ్‌మన్ 1978లో కుర్ర ప్రొఫెసరుగా ఉన్నప్పుడు సరదాకి ఒక పేపర్ రాశాడు, 2008లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది ఆయనకే, ఆ పేపర్ మాత్రం జర్నల్లో అచ్చయింది 2010లో. అందులో చిక్కేంటంటే, ఓడ కాంతి వేగానికి దగ్గర్లో పోతే ఓడలో గడియారం మెల్లగా నడుస్తుంది. మనకి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీయే 4.2 కాంతి సంవత్సరాల దూరం, అంటే వెళ్లి రావడానికి ఇక్కడి లెక్కలో ఎనిమిదేళ్లు పైమాటే. మీరు నెలకి నూటికి రెండు వడ్డీకి అప్పు తెచ్చి సరుకేసుకుని బయల్దేరారు, తిరిగొచ్చేసరికి మీ చేతి వాచీ ప్రకారం రెండేళ్లే అయ్యింది అనుకోండి, ఫైనాన్స్ ఆయన దగ్గరికెళ్లి "రెండేళ్ల వడ్డీ ఇదిగో బాబూ" అంటే ఊరుకుంటాడా? గోడమీది క్యాలెండర్ చూపిస్తాడు. క్రుగ్‌మన్ తేల్చింది కూడా అదే, వడ్డీ లెక్క గ్రహం మీది గడియారంతోనే కట్టాలని. నూటికి రెండు అంటే ఎనిమిదేళ్లకి అసలు మీద దాదాపు రెండింతలు వడ్డీయే, అందులోనూ చక్రవడ్డీ వేయకుండా! అంత ఖర్చు పెట్టి తెచ్చే సరుకు ఇనుప ఖనిజం అయితే మాత్రం కాదు, మన పోర్టుకి భయం లేదు.

అందుకే లారీ నివెన్ కథల్లో అవుట్‌సైడర్స్ అనే జాతి సరుకు జోలికే పోదు, సమాచారం అమ్ముకుని బతుకుతుంది. బరువు లేదు, కుళ్లదు.

ప్రశ్న: స్టార్ ట్రెక్ మనుషులకి డబ్బు లేదంటారు. మరి ఆర్కే బీచ్ ఎదురుగా సీ వ్యూ ఫ్లాట్ ఎవరికిస్తారు?
- ఒక రియల్ ఎస్టేట్ ఏజెంట్, ఎంవీపీ కాలనీ

జవాబు: పట్టుకున్నారు! రెప్లికేటర్ కాఫీ చేస్తుంది గానీ సముద్రాన్ని చేయలేదు. అందులో ఓడ నడిపే కెప్టెన్ పికార్డ్ కుటుంబానికి ఫ్రాన్స్‌లో ద్రాక్షతోట ఉంది, పక్కింటోడికి ఎందుకు లేదో చెప్పరు. నా మటుకు నాకు ఇది ఆ సిరీస్‌లో పెద్ద బొక్క.

ప్రశ్న: ఇవన్నీ చూసే టైం లేదు, ఒక్కటి చెప్పండి.
- ఒక పాఠకురాలు, ఫిషింగ్ హార్బర్ దగ్గర

జవాబు: స్టార్ ట్రెక్‌లోనే డీప్ స్పేస్ నైన్ అనే సిరీస్, ఐదో సీజన్, 25వ ఎపిసోడ్. జేక్ అనే కుర్రాడు వాళ్ల నాన్నకోసం పాత బేస్‌బాల్ కార్డు వేలంలో కొందామనుకుంటాడు, మనిషి కాబట్టి చేతిలో పైసా లేదు, ఫెరెంగీ ఫ్రెండు నోగ్‌ని అప్పడుగుతాడు. మీ జాతి డబ్బు మానేస్తే తప్పు నాదా అంటాడు వాడు. చివరికి వాడి దాచుకున్న డబ్బుతో పాటకెళ్తే ఇంకొకాయన ఎక్కువ పాడేసి పట్టుకుపోతాడు, మీ హార్బర్‌లో వంజరం పాటలో తెల్లారుజామున రోజూ జరిగేదే. ఆ తర్వాత వీళ్లిద్దరూ వాళ్లుండే స్పేస్ స్టేషనంతా తిరిగి ఒకరి పని ఇంకొకరికి చేసిపెట్టుకుంటూ ఆ కార్డు ఎలా తెస్తారో మీరే చూడండి, ముప్పావుగంటే.